పెరటి కబుర్లు: పిట్టమ్మకు పురిటిగది

ఈమధ్య బజారులో పిట్టగూళ్లు బాగా అమ్ముతున్నారు. ఎర్ర కప్పు, పచ్చ గోడలు, ముందొక చిన్న కర్ర, పైన పూల బొమ్మ. చూస్తే ముద్దొస్తాయి. కొని తెచ్చి వరండాలో తగిలిస్తాం. ఏడాది గడిచినా ఒక్క పిట్ట తొంగిచూడదు. "పిట్టలెక్కడున్నాయమ్మా ఈ రోజుల్లో" అని నిట్టూర్చి ఊరుకుంటాం. పిట్టలు తగ్గిన మాట నిజమే గాని, చాలా ఇళ్లల్లో లోపం గూటిలోనే వుంటుంది. ఆ గూడు మన కంటికి నచ్చేలా చేశారు, పిట్టకు పనికొచ్చేలా చెయ్యలేదు.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. పిట్టలు ఏడాది పొడుగునా గూట్లో కాపురం వుండవు. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చేదాకానే గూడు. అంటే అది పురిటిగది అన్నమాట. పురిటికొచ్చిన ఆడపిల్లకు గది చూసేటప్పుడు మనం గోడల రంగు చూస్తామా? ఎండ కొట్టకూడదు, వాన కారకూడదు, పిల్లి రాకూడదు, పదిమంది తిరగకూడదు అని చూస్తాం. పిట్టకూ అంతే. మనం తగిలించిన గూట్లో ఓ తల్లిపిట్ట నమ్మకంతో గుడ్లు పెట్టిందంటే, ఆ పిల్లల మంచిచెడ్డలు సగం మన చేతిలో వున్నట్టే. మన ఎండల్లో రేకు డబ్బా తగిలిస్తే పిల్లలు లోపలే ఉడికిపోతాయి. అందుకని గూడు పెడితే సరిగ్గా పెట్టాలి, లేకపోతే మానెయ్యడం మేలు.

పాత ఇళ్లు, కొత్త ఇళ్లు

వెనకటి పెంకుటిళ్లలో పిచ్చుకకు ప్రత్యేకంగా గూడు కట్టిపెట్టిన వాళ్లెవరూ లేరు. చూరు కింద వాసాల సందు, దూలం మీద చోటు, గోడకు ఏటవాలుగా తగిలించిన పటాల వెనక భాగం, అన్నీ దాని ఇళ్లే. వాకిట్లో చెరిగిన నూకలు, గుమ్మానికి కట్టిన వరి కంకుల కుచ్చు దానికి భోజనం. ఇప్పటి స్లాబు ఇళ్లకు చూరు లేదు, కిటికీలకు దోమతెర, గోడలకు నున్నటి పూత. పిచ్చుక వచ్చినా దూరడానికి సందంటూ లేదు.

2020లో మన దేశంలోని పక్షుల స్థితిగతుల మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే వుందనీ, హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చిందనీ అందులో తేలింది. అంటే పిచ్చుక పూర్తిగా పోలేదు, మన ఊరి చివరే ఎక్కడో వుంది. చోటు చూపిస్తే తిరిగి వచ్చే అవకాశం వుందన్నమాట.

రంధ్రం కొలతే అసలు కిటుకు

గూటిలో అన్నింటికన్నా ముఖ్యమైనది ముందున్న రంధ్రం. అది ఎంత పెద్దదో దాన్నిబట్టే ఏ పిట్ట వస్తుందో తేలిపోతుంది.

పిచ్చుకకు ఒకటింపావు అంగుళం రంధ్రం చాలు. ఒకటిన్నర దాటనివ్వకండి. కొలబద్ద లేకపోతే పది రూపాయల బిళ్ల తీసుకోండి. అది సులువుగా దూరిపోయి, చుట్టూ సన్నటి సందు మిగిలితే సరిపోయినట్టే.

అదే రంధ్రం రెండంగుళాలు చేశారా, గోరింక వచ్చేస్తుంది. గోరింక గట్టి పిండం. పిచ్చుక కట్టుకున్న గూడు లాగి పారేసి తాను చేరుతుంది. బజారు గూళ్లలో చాలా వాటికి రంధ్రం మరీ పెద్దది. అలాంటిది మీ ఇంట్లో వుంటే పారెయ్యక్కర్లేదు. ఒకటింపావు అంగుళం రంధ్రం చేసిన చిన్న చెక్కముక్కను దాని మీద మేకులతో బిగించండి.

ముందున్న ఆ బుల్లి కర్రను కూడా పీకెయ్యండి. పిచ్చుకకు దాని అవసరం లేదు, రంధ్రం అంచు పట్టుకునే లోపలికి దూరుతుంది. కర్ర వుంటే దాని మీద వాలి పిల్లల్ని లాక్కుపోయేది కాకి.

నాలుగడుగుల చెక్కతో పిచ్చుక గూడు

దీనికి ఆరంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, నాలుగడుగుల పొడుగు వున్న చెక్క ఒకటి చాలు. పాత పళ్ల పెట్టె చెక్కైనా, తలుపులు చేయించినప్పుడు మిగిలిన ముక్కైనా ఫర్వాలేదు. పైకప్పుకు మాత్రం ఎనిమిదంగుళాల వెడల్పు, పదంగుళాల పొడుగు ముక్క విడిగా కావాలి. పల్చటి ప్లైవుడ్ వాడితే వానకు పొరలు వూడిపోతుంది, ఎండకు లోపల వేడెక్కుతుంది.

చెక్కను ఇలా కోయించండి:

• ముందు పలక: 8 అంగుళాలు
• వెనక పలక: 14 అంగుళాలు (పైనా కిందా రెండేసి అంగుళాలు మిగులుతుంది, గోడకు మేకు కొట్టుకోవడానికి)
• పక్క పలకలు రెండు: 18 అంగుళాల ముక్కను మధ్యలో ఏటవాలుగా కోస్తే రెండూ వచ్చేస్తాయి. ఒక్కోటి వెనకవైపు 10, ముందువైపు 8 అంగుళాలు వుండాలి
• అడుగు పలక: ఆరంగుళాల ముక్కను నాలుగున్నర అంగుళాల వెడల్పుకు తగ్గించాలి

పక్క పలకల్ని ముందు, వెనక పలకల మధ్యలో నిలబెట్టి మేకులు కొట్టాలి. అడుగు పలక ఆ నాలుగింటి మధ్యలో కూర్చుంటుంది. పైకప్పు వెనక పలకకు ఆని, ముందుకు వాలుగా, రంధ్రం మీదికి రెండు మూడంగుళాలు గొడుగులా చాచి వుండాలి. రంధ్రం మధ్యభాగం ముందు పలక పై అంచుకు రెండంగుళాలు కిందికి రావాలి. అలాగైతే అడుగుకూ రంధ్రానికీ నడుమ నాలుగంగుళాలకు పైగా లోతు వుంటుంది. పిల్లి చెయ్యి పెట్టినా, కాకి ముక్కు పెట్టినా పిల్లలు అందవు. వడ్రంగి దగ్గరకు కొలతలు రాసుకుని వెళితే అరపూటలో అయిపోయే పని. చిన్నప్పటి నుంచి బొమ్మరిళ్లు కట్టిన చేతులు మనవి, రంపం పట్టడం వస్తే మనమే చేసుకోవచ్చు.

ఇంకా నాలుగు చిన్న సంగతులు:

• అడుగు పలక నాలుగు మూలల్లో పెన్సిలు పట్టేటంత రంధ్రాలు చేయించండి, చెమ్మ దిగిపోతుంది. పక్క పలకలకు పైభాగంలో రెండేసి చేయిస్తే గాలి ఆడుతుంది.
• లోపల రంగు, వార్నిషు ఏదీ వద్దు. బయట కూడా మెరిసే రంగులు వెయ్యకండి. చెక్క పాడవుతుందనుకుంటే బయటివైపు మాత్రం అవిసె నూనె రాసి, వాసన పోయేదాకా ఆరనివ్వండి.
• ముందు పలక లోపలివైపు నున్నగా వుండకూడదు. మేకుతో అడ్డంగా గీతలు గియ్యండి. పిల్లలు పైకి పాకడానికి అవే మెట్లు.
• పైకప్పును మేకులతో బిగించెయ్యకుండా మడత బందుతో అమర్చి, చిన్న కొక్కెం పెట్టించండి. తర్వాత శుభ్రం చెయ్యడానికి తెరవాలి కదా.

చెక్క దొరకని వాళ్లకు మట్టి ముంత వుండనే వుంది. నోరు చిన్నదిగా వున్న ముంతను అడ్డంగా పడుకోబెట్టి చూరుకు తాడుతో గట్టిగా కట్టండి. నోరు పెద్దదైతే, రంధ్రం చేసిన చెక్కబిళ్లతో మూసి అంచులు బిగించండి. అడుగున రెండు సన్న చిల్లులు వుండాలి. మట్టికి చల్లదనం సహజం కనుక మన ఎండలకు ఇది బాగా నప్పుతుంది. అట్టపెట్టెలు మాత్రం వానకు ఒక్కరోజు ఆగవు. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. ఆ రోజున బళ్లల్లో పిల్లలకు అట్టగూళ్లు ఇస్తే సంతోషంగా తీసుకోండి, కాని వాన తగలని వరండా లోపలే కట్టండి.

ఎక్కడ తగిలించాలి?

గూడు ఎంత బాగా చేసినా తగిలించే చోటు కుదరకపోతే దండగ. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్తకాదు. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ అసలు వద్దు. ఉత్తరం వైపు గానీ తూర్పు వైపు గానీ రంధ్రం వుండేలా, చూరు నీడలో, సన్‌షేడ్ కింద తగిలించండి. ఎత్తు ఎనిమిది నుంచి పది అడుగులు.

పిట్టగోడ మీంచి, మెట్ల మీంచి, చెట్టు కొమ్మ మీంచి పిల్లి దూకి అందుకునే చోటు పనికిరాదు. స్తంభానికి కడితే, నడుమ ఒక అడుగు వెడల్పు నున్నటి రేకు చుట్టండి. పిల్లి, ఎలుక పైకి పాకలేవు. గూడు వూగకూడదు. దారానికి వేలాడదీసి గాలికి గిరగిరా తిరిగే గూటిని పిచ్చుక నమ్మదు.

మరీ ముఖ్యమైనది సీలింగు ఫ్యాను. గది లోపల, ఫ్యాను దరిదాపుల్లో గూడు పెట్టకండి. ఇంట్లోకి అలవాటైన పిచ్చుకలు ఫ్యాను రెక్కలకు తగిలి చనిపోవడం మన అందరిళ్లల్లో చూసిందే.

పిచ్చుకలకు గుంపుగా వుండడం ఇష్టం. కాబట్టి రెండు మూడు గూళ్లు దగ్గర దగ్గరగా పెట్టినా పేచీ లేదు. చలికాలం చివరకు, అంటే జనవరి లోపలే తగిలించేస్తే వేసవికి ముందు అవి చూసుకుని అలవాటు పడతాయి. మొదటి ఏడు రాకపోతే నిరాశ పడి తీసెయ్యకండి, చోటు మార్చి చూడండి.

ఏ పిట్టకు ఏ ఇల్లు?

పెద్ద నలంచి: తెల్లవారుజామున తోక నిక్కించి కమ్మగా ఈల వేసే నలుపు తెలుపు పిట్ట ఇదే. బంగ్లాదేశ్ జాతీయ పక్షి కూడా. చెట్టు తొర్రల్లో, గోడ కన్నాల్లో గూడు పెడుతుంది. మామిడి, సపోటా లాంటి చెట్లున్న పెరడైతే తప్పక ప్రయత్నించండి. పిచ్చుక గూడు కన్నా కాస్త పెద్ద పెట్టె, రెండున్నర అంగుళాల రంధ్రం చాలు. ఆరేడడుగుల ఎత్తున, ఆకుల మరుగున పెట్టాలి. ఈ పిట్ట తన హద్దులోకి ఇంకో జంటను రానివ్వదు, అందుకని పెరటికి ఒక్క గూడే.

గోరింక: ఎనిమిదంగుళాల చదరం అడుగు, పన్నెండు అంగుళాల ఎత్తు, రెండు రెండుంపావు అంగుళాల రంధ్రం. నీలిరంగు గుడ్లు పెడుతుంది. కూరపాదుల్లో పురుగులేరి తింటుంది కాబట్టి మంచి పనిమంతురాలే. పిచ్చుక గూళ్లకు దూరంగా, పెరటికి రెండో వైపున పెడితే తగవు వుండదు.

చిలుక: రెండున్నర, మూడంగుళాల రంధ్రం, లోతైన పెట్టె, ఎత్తైన చెట్టు మీద. జామకాయల మీద ఆశ వదులుకున్న వాళ్లే పెట్టండి! ఒక్క మాట. గూట్లో పిల్లలు పుట్టాయి కదా అని తీసి పంజరంలో పెట్టకండి. మన చిలుకల్ని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

గుడ్లగూబ: పేరు వినగానే చాలామంది చెవులు మూసుకుంటారు. ఇంటి మీద కూస్తే చావు కబురని భయం. అదే గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమని కూడా మన పెద్దలే చెప్పారు. దాని కూతకూ మన ఇంటి కష్టసుఖాలకూ ఏ సంబంధమూ లేదు. అది వచ్చేది ఎలుకల కోసం. వడ్లు, అపరాలు నిల్వ వుండే పల్లెటూరి ఇళ్లకు ఇది చేసే మేలు ఎలుకల మందు చెయ్యలేదు. ఆ మందు తిన్న ఎలుకను తింటే పాపం గుడ్లగూబే పోతుంది. తెల్ల మొహం పెద్ద గుడ్లగూబకు పదహారు పద్ధెనిమిది అంగుళాల చదరం పెట్టె, ఆరంగుళాల గుండ్రటి ద్వారం, పన్నెండడుగులకు పైన, పశువుల కొట్టం చూరు లాంటి చోట పెట్టాలి. ఇంకా చిన్నది, పైడికంటికైతే తొమ్మిదంగుళాల చదరం, మూడంగుళాల రంధ్రం చాలు. పొలం వున్న వాళ్లు మీ వారితో ఒకసారి మాట్లాడి చూడండి.

గువ్వ: దీనికి నాలుగు గోడలు నచ్చవు. పుల్లలు నాలుగు పేర్చి రెండు గుడ్లు పెట్టేస్తుంది, గాలికి అవీ దొర్లిపోతుంటాయి. సన్‌షేడ్ కింద తొమ్మిదంగుళాల చదరం పళ్లెం లాంటి చెక్కకు అంగుళం ఎత్తు అంచు కట్టి పెడితే చాలు. వూళ్లో తిరిగే పెద్ద పావురాళ్లకు మాత్రం చోటివ్వకండి. వాటి రెట్టల ధూళి రోజూ పీలిస్తే వూపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆయాసం వున్న పెద్దవాళ్లు, పసిపిల్లలు వున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

పెట్టె అక్కర్లేని పిట్టలు

ఇన్ని రకాల పెట్టెలు చెప్పాను గాని, మన పెరటి పిట్టల్లో చాలావాటికి పెట్టే వద్దు, మొక్కే కావాలి. జీనువాయి రెండు ఆకుల్ని దూదితో, నారతో కుట్టి సంచి చేసుకుంటుంది. దానికి వంగ, బెండ, కనకాంబరం పొద వున్నా చాలు. తేనెపిట్ట సన్నటి కొమ్మకు సంచిలా గూడు వేలాడదీస్తుంది, ఒక్కోసారి మన బట్టల తీగకే కట్టేస్తుంది. పిగిలిపిట్టకు మల్లెపందిరి, గోరింటపొద. గిజిగాడికి ఈతచెట్టు, తుమ్మచెట్టు, కింద నీళ్ల బావి.

వీటికి మనం చెయ్యగలిగిన సాయం ఒక్కటే. మల్లెపాదు కత్తిరించే ముందు, గోరింటాకు కోసే ముందు ఒకసారి లోపల చూడండి. గూడు కనిపిస్తే ఆ కొమ్మ నెల్లాళ్లు ఆగనివ్వండి. మార్చి నుంచి వానల దాకా పొదలు నరకడం వాయిదా వేసినా నష్టమేమీ లేదు.

గూట్లో గుడ్లు పెట్టాక

పిచ్చుక మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. పొదగడానికి పదకొండు నుంచి పద్నాలుగు రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాల పైచిలుకు. ఈ నెల రోజులూ పైకప్పు తెరిచి చూడకండి. పిల్లలకు చూపించాలని ఎంత సరదాగా వున్నా సరే, దూరం నుంచే.

పిల్లపిట్ట కింద పడితే? ముట్టుకుంటే తల్లి దగ్గరకు రానివ్వదని అనుకుంటారు, అది నిజం కాదు. ఈకలు రాని పిల్లైతే మెల్లగా తీసి గూట్లో పెట్టెయ్యండి, తల్లి చూసుకుంటుంది. ఈకలన్నీ వచ్చి గెంతుతున్న పిల్లైతే అది ఎగరడం నేర్చుకుంటున్నట్టు. పిల్లి, కుక్క రాకుండా కాపలా వుంటే చాలు. నోట్లో పాలు, నీళ్లు పొయ్యకండి.

పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డంతా తీసి, వేణ్ణీళ్లతో కడిగి, రెండ్రోజులు ఎండబెట్టి మళ్లీ తగిలించండి. పురుగులుంటాయని డీడీటీ పొడి, నాఫ్తలీన్ ఉండలు లోపల పెట్టకండి. వేడినీళ్లూ ఎండా చాలు.

తిండీ నీళ్లూ

పెద్ద పిచ్చుకలు నూకలు, కొర్రలు, సజ్జలు తింటాయి. కాని పసికందులకు గింజలు అరగవు. మెత్తటి పురుగులు, పచ్చ గొంగళ్లు కావాలి. తల్లీ తండ్రీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాటినే మోసుకొస్తాయి. అందుకే పెరట్లో ఘాటు పురుగుమందు కొట్టి పైన గూడు తగిలిస్తే ఫలితం వుండదు. చిక్కుడు పాదుకు పేను పట్టిందా, సబ్బునీళ్లు, వేపగింజల కషాయం చల్లి చూడండి. నాలుగు గొంగళ్లు మిగిలినా మిగలనివ్వండి, అవి పిట్టపిల్లల ఉగ్గు అనుకోండి.

ఒక వెడల్పు మూకుట్లో రెండంగుళాల లోతు దాటకుండా నీళ్లు పోసి, మధ్యలో రాయి వేసి పెట్టండి. రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు. పెరట్లో ఓ మూల జానెడు నేల సిమెంటు చెయ్యకుండా వదిలితే పిచ్చుకలు దుమ్ముస్నానం చేస్తాయి. ఉప్పు వేసిన అన్నం, చిప్సు, వేపుళ్ల మిగులు మాత్రం వాటికి పెట్టవద్దు.

ఇల్లు కట్టిస్తున్న వాళ్లకు ఒక చిన్న మనవి. మేస్త్రీతో చెప్పి, సన్‌షేడ్ కింద ఉత్తరపు గోడలో ఆరంగుళాల లోతు గూడు రెండు వదిలించండి. ముందు రంధ్రం వేసిన పలక బిగిస్తే శాశ్వతంగా వుంటుంది, ఖర్చు ఇటుకంత కూడా కాదు. పూజగది, స్టోరుగది అని లెక్కవేసి కట్టించుకునే మనం, గోడలో జానెడు చోటు పిట్టమ్మ పురిటికి వదల్లేమా?

ఈ కొలతలు కత్తిరించి వంటింటి అలమర తలుపుకు అంటించుకోండి. వడ్రంగి ఇంటికొచ్చిన రోజున వెతుక్కోకుండా వుంటుంది.